కుక్కలకు ప్రవేశం లేని ఇల్లు

మార్చి 3, శనివారం

మంచు ఆగలేదు. వీధి మలుపులో బస్సు అడ్డంగా నిలిచిపోయింది. ఇంట్లోంచి కదిలే దారి లేక మే నెల సెలవుల మాట ఎత్తాను. ఊరికి దూరంగా ఓ కాటేజీ అద్దెకు తీసుకుని వారం రోజులు మనమే వండుకు తిని రావడం మా ఇంట్లో ఏటా ఉన్నదే. అమ్మ ఉన్నప్పుడు అమ్మ చూసేది. ఇప్పుడు నేను.

మా ఆయన రస్సెల్ పేపర్లోంచి తల ఎత్తకుండానే, ఈసారి మీ నాన్న వస్తే నేను రాను, మీరు వెళ్ళి రండి, నేను గరాజ్‌కి రంగు వేసుకుంటాను అన్నాడు. తమాషాకేమో అనుకున్నాను. కాదు. పోయిన ఏడాది తను డిష్‌వాషర్లో సర్దిన గిన్నెలన్నీ నాన్న బయటికి తీసి మళ్ళీ సర్దేవాడట. తను పేర్చిన పొయ్యి కట్టెలు తీసేసి మళ్ళీ పేర్చేవాడట. "యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. నిప్పు రాజేయడం రాదా?" అన్నాడు.

నాన్నతో నువ్వే చెప్పు అన్నాను. ఆయన మీ నాన్న అన్నాడు.

మార్చి 5, సోమవారం

ఇల్లు దొరికింది. ష్రాప్‌షైర్ కొండల్లో, పాత ధాన్యపు కొట్టాన్ని ఇల్లుగా మార్చారు. పెద్ద వంటగది, ఆరుగురు పడుకునే చోటు, పసివాడికి ఊయల మంచం. వెబ్‌సైట్‌లో ఫోటోల కింద సన్న అక్షరాలతో ఉంది: కుక్కలను అనుమతించము. ఆ ముక్క దగ్గర నా కళ్ళు చాలాసేపు ఆగిపోయాయి.

ట్యాన్సీ లేకుండా నాన్న ఎక్కడికీ రాడు. అమ్మ ఆఖరి ఏడాదిలో, నడవగలిగిన రోజుల్లో, అనాథ కుక్కల ఆశ్రమం నుంచి తెచ్చిందా బక్కపలచని వేటకుక్కని. ఒకసారి కుక్కల్ని ఉంచుకునే కెన్నెల్లో వదిలితే తిండి మానేసింది. ఇక దీన్ని ఎక్కడా వదలొద్దు విల్ఫ్ అని అమ్మ నాన్నతో అంది. అది అమ్మ ఆజ్ఞ. ఇవన్నీ నాకు తెలుసు.

ఇంటి ఓనరు మిసెస్ బెడ్డోస్‌కి ఫోన్ చేశాను. కలుపుగోలు మనిషి. మీతో కుక్కలేమైనా ఉన్నాయా, ఉంటే పక్కనే ఆవుల కొట్టాన్ని మార్చి కట్టిన ఇల్లుంది, ఇంకాస్త పెద్దది, అదే వారం ఖాళీ, కుక్కలొస్తే నాకు సంతోషం అంది.

మాకు కుక్క లేదన్నాను.

అబద్ధం కాదు. మాకు లేదు. నాన్నకుంది.

మార్చి 6, మంగళవారం

మా అమ్మాయి ఇమోజెన్‌కి ఫోటోలు పంపాను. వంటగది చూసి మురిసిపోయింది. తన పసివాడు ఓటిస్‌కి గడ్డి మీద పాకడానికి చోటుంది అంది. తర్వాత, మరి తాతయ్య, అంది. కుక్కల్ని రానివ్వరట, ఏం చేస్తాం అన్నాను. ఇంకో ఇల్లు చూడలేకపోయావా అమ్మా అంది. నువ్వు టీచరమ్మవి కదా, నీకు బడి సెలవులప్పుడే కుదురుతుంది, ఆ వారం అన్నీ నిండిపోయాయి అన్నాను. తప్పంతా నాదే అన్నమాట అని నవ్వింది నా కూతురు.

నోరు తిరిగాక అబద్ధానికి మెట్లు కట్టక్కర్లేదు. అదే ఎక్కుతుంది.

మార్చి 11, ఆదివారం

ఈ ఏడాది మదర్స్ డే మార్చిలో తొందరగానే వచ్చింది. నాన్న డాఫడిల్స్ పట్టుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. అమ్మ లేదు కాబట్టి పూలు నాకిస్తాడు. ట్యాన్సీ వచ్చీ రాగానే రస్సెల్ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. దానికి మా ఇంట్లో ఎవరి మీద ఎవరికి కోపమో తెలియదు. రస్సెల్ బల్ల కింద నుంచి మాంసం ముక్కలు పెడుతూనే ఉన్నాడు.

పుడ్డింగు వడ్డిస్తూ చెప్పాను. ఇల్లు కుదిరింది నాన్నా, కానీ అక్కడ కుక్కల్ని ఒప్పుకోరు అని. వాక్యం ముందే అద్దం ముందు నిలబడి చదువుకున్నట్టు గడగడా చెప్పేశాను.

నాన్న చెంచా కింద పెట్టాడు. అలాగా అన్నాడు. మంచి ఇల్లేనా అని అడిగాడు. ఫోటోలు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. ఓవెన్ బాగుంది, అన్నాడు. ఊరేమిటి, ఓనరు పేరేమిటి అని అడిగితే చెప్పాను. ఎందుకడిగాడో ఆలోచించలేదు.

వెళ్ళేటప్పుడు, పోనీలే లినెట్, దీన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా, మీరు హాయిగా వెళ్ళి రండి అన్నాడు. కస్టర్డ్ చాలా బాగుందన్నాడు. ఉండలు కట్టింది నిజానికి.

మార్చి 12

నాన్న నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

మార్చి 27, మంగళవారం

ఇమోజెన్ వచ్చింది. ఎవరు ఏ పూట వండాలో పంచుకున్నాం. మొదటి రోజు ఇంటి నుంచే మాంసం, బంగాళాదుంపలతో షెపర్డ్స్ పై చేసి పట్టుకెళ్దాం, దారిలో అలిసిపోయి ఎవరు వండుతారు అంది. దుప్పట్లు వాళ్ళే ఇస్తారు, తువ్వాళ్ళు మనవి. ఓటిస్ మెట్లెక్కకుండా తడిక ఉందో లేదో కనుక్కోవాలి. గదులు పంచాక కింద చిన్న గది ఒకటి మిగిలింది. ఒకే మంచం, కిటికీలోంచి తోట. తాతయ్యకి సరిగ్గా సరిపోయేది అంది ఇమోజెన్. పసివాడి బండి, బూట్లు పెట్టుకుందాంలే అన్నాను.

ఆ మాటన్నాక వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఏమీ కడగకుండా నిలబడ్డాను.

ఏప్రిల్ 15, ఆదివారం

పొద్దున నాన్న ఫోన్. గొంతు హుషారుగా ఉంది. ఆరుగురు పట్టే ఆ ఇంట్లో నాకింకా చోటుందా అన్నాడు. ఉంది అన్నాను. అయితే వస్తున్నాను, ఆ కింద గది నాకు చాలు అన్నాడు. మరి ట్యాన్సీ, అన్నాను. ఇచ్చేశానమ్మా అన్నాడు.

మార్స్‌డెన్ పైన కొండ మీద గొర్రెలు పెంచే ఎనిడ్ క్రౌథర్ అనే ఆవిడకి ఇచ్చేశాడట. ఆవిడ భర్త పోయాడు, కుక్కా పోయింది, పరిగెత్తడానికి బోలెడు పొలముంది, దానికి అక్కడే సుఖం, అన్నాడు. వారానికి అప్పగించడం కాదు నాన్నా, ఇచ్చేయడమేనా అన్నాను. వారం వారం దాన్ని అటూ ఇటూ తిప్పి మనసు పాడుచేస్తామా అన్నాడు. వెంటనే వానకోటు కొత్తది కొనుక్కోమంటావా అని అడిగాడు.



అదే రోజు, సాయంత్రం

రస్సెల్ తోటలోంచి వచ్చాక చెప్పాను. బూట్లు విప్పుతున్నవాడు ఒక కాలిది విప్పి అలాగే కూర్చుండిపోయాడు. "ట్యాన్సీనా? ఇచ్చేశాడా?" అని రెండుసార్లు అడిగాడు. కుక్కని ఇచ్చేయమని నేనెప్పుడన్నాను అన్నాడు. నాకు మీ నాన్నతో నాలుగు రోజులు పడనంత మాత్రాన ఆయన్ని అంత మాట అనాలా నువ్వు అన్నాడు. నేనేమీ అనలేదు, కుక్కల్ని రానివ్వరన్నాను అంతే, అన్నాను. అదే, అన్నాడు. "చెప్పే ధైర్యం లేక కుక్క మీద పెట్టావు."

నువ్వు మాత్రం నా మీద పెట్టలేదా అన్నాను. రెండూ నిజమే కాబట్టి దెబ్బలాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఏప్రిల్ 17, మంగళవారం

ఎనిడ్ క్రౌథర్ ఇంటికి వెళ్ళాను. నాన్నకి చెప్పలేదు. ట్యాన్సీ గేటు దాకా దూసుకొచ్చి నా చేతులు వాసన చూసింది. తర్వాత నన్ను దాటుకుని కారు దగ్గరికి వెళ్ళి, ముందు సీటు తలుపు దగ్గర నిలబడింది. తలుపు తీశాను. ఎవరూ లేరు. లోపల వాసన చూసి, కాసేపుండి, తోక కిందికేసుకుని వెనక్కి నడిచింది.

ఎనిడ్ పెళుసు మాటల మనిషి. టీ ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. మీరు అద్దెకు తీసుకున్న ఇంట్లో కుక్కలు పనికిరావటగా, అంది. పొరపాటైంది, తిరిగి తీసుకెళ్తాను అన్నాను. అదేమన్నా లైబ్రరీ పుస్తకమా, అంది. "మొదటి మూడు రోజులూ ఏడ్చింది. నేనూ దాని పక్కన నేల మీద పడుకున్నాను. ఇప్పుడిప్పుడే తింటోంది. మీ నాన్న నా చేత మాట తీసుకున్నాడు, రేపు తనే వచ్చి బతిమాలినా ఇవ్వొద్దని. ఆయన మాట నేను పోనివ్వను."

చూడ్డానికి వస్తుంటాడా అని అడిగాను. రాడు అంది. ఆయన రోజూ నడిచే దారి ఈ గేటు ముందు నుంచే పోతుందట. ఇప్పుడు కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నాడట. దీని కంట పడకుండా.

ఏప్రిల్ 21, శనివారం

నాన్న ఇంటికి వెళ్ళాను. వెళ్ళే ముందు రస్సెల్ నేనూ వస్తానన్నాడు. వద్దన్నాను.

నాన్న పెరట్లో చిక్కుడు గింజలు పెడుతున్నాడు. కోటు విప్పకుండానే మొదలుపెట్టాను. ఆ ఇల్లు కావాలనే చూశాను నాన్నా, అన్నాను. గింజలు పెట్టడం ఆపలేదు. తెలుసు, అన్నాడు.

నేను చెప్పిన మర్నాడే మిసెస్ బెడ్డోస్‌కి ఫోన్ చేశాడట. మా కుక్క రాత్రిళ్ళు కార్లో పడుకుంటుంది, గడప తొక్కదు, ఒప్పుకుంటారా అని అడగడానికి. ఆవిడ పాపం, అంత అవసరమేమిటండీ, పక్క ఇల్లు ఖాళీగా ఉంది, మీ అమ్మాయికి అప్పుడే చెప్పాను కదా, మాకు కుక్క లేదందే, అందట.

చిక్కుడు గింజలు నాన్న అరచేతిలో ఉన్నాయి. వాటికేసే చూశాను.

తెలిసీ దాన్ని ఎందుకిచ్చేశావు అన్నాను. కాసేపు మోకాళ్ళ నొప్పులు చెప్పాడు. దాని పరుగుకి నేను చాలడం లేదన్నాడు. కొండ మీద గాలి దానికి మంచిదన్నాడు. అన్నీ విన్నాను. చివరికి నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు.

"కుక్క వల్లే అన్నావు కదా తల్లీ. అది లేకపోతే నన్ను రమ్మంటావేమో చూద్దామనుకున్నాను."

ఏడ్చాను. చేతులకి మట్టి ఉందని భుజంతో నా భుజాన్ని తట్టాడు. డిష్‌వాషర్ సంగతేనా అన్నాడు. అవును, కట్టెల సంగతి కూడా, అన్నాను. మీ అమ్మ ఉంటే చెప్పేది, నాకు చెప్పేవాళ్ళు లేరిప్పుడు అన్నాడు. నిష్టూరంగా కాదు. ఉన్న మాట చెప్పినట్టు.

ఇంక నువ్వు రావా అని అడిగాను.

"రాకపోతే ఎలా? రాకపోతే దాన్ని ఎందుకిచ్చినట్టు?"

ఏప్రిల్ 23, సోమవారం

మిసెస్ బెడ్డోస్‌కి ఫోన్ చేశాను. ఆవుల కొట్టం ఇల్లు పోయిన వారమే ఎవరో తీసుకున్నారట. తీసుకోకపోయినా, దాంట్లోకి తీసుకెళ్ళడానికి కుక్కేది?

మే 26, శనివారం

చేరాం. ముందు సీట్లో నాన్న, వెనక నేను, సామాన్ల మధ్య షెపర్డ్స్ పై. దారి పొడుగునా రస్సెల్ నాన్నని దారి అడిగాడు. తనకి తెలిసిన మలుపులు కూడా అడిగాడు. నాన్న, నీ ఇష్టం రస్సెల్, నువ్వెటంటే అటు, అన్నాడు ప్రతిసారీ.

ఇల్లు ఫోటోల్లో కన్నా బాగుంది. బల్ల మీద పాలు, జామ్, స్కోన్లు పెట్టి ఉంచారు. మిసెస్ బెడ్డోస్ తాళాలిస్తూ నాన్న గొంతు గుర్తుపట్టింది. మీరేనా ఫోన్ చేసింది, మరి మీ కుక్కేదండీ, అంది. పక్క ఇంట్లో ఎవరివో రెండు స్పానియల్స్ మొరుగుతున్నాయి. ఇమోజెన్ ఓటిస్‌ని ఎత్తుకుని నా పక్కనే నిలబడి ఉంది. అరక్షణంలో అంతా బయటపడుతుందనుకున్నాను.

ముసలిదైపోయిందమ్మా, ఇంత ప్రయాణం దానికి పడదు, అన్నాడు నాన్న. స్కోన్లు మీరే చేశారా అని అడిగాడు. ఆవిడ ఆ మాటల్లో పడిపోయింది.

నాకోసం అబద్ధమాడాడు. నాకన్నా బాగా ఆడాడు.

మే 29, మంగళవారం

నాన్న ఏ వస్తువూ ముట్టుకోవడం లేదు. పాలు కావాలంటే, కాసిని తీసుకోనా అని అడుగుతాడు. డిష్‌వాషర్ దరిదాపులకి పోడు. అతిథిలా కుర్చీ అంచున కూర్చుని, అన్నీ బాగున్నాయంటాడు. ఓటిస్ ఒక్కడే ఆయన్ని మామూలుగా చూస్తాడు. చొక్కా పట్టుకుని నిలబడతాడు, ముక్కు పీకుతాడు.

ఈ సాయంత్రం రస్సెల్ కట్టెలు కావాలనే అడ్డదిడ్డంగా పేర్చాడు. తడివి కింద, పెద్దవి పైన. గదంతా పొగ. అందరం దగ్గుతున్నాం. రస్సెల్ నాన్నకేసి చూస్తున్నాడు, ఒక్క మాట అనమన్నట్టు. నాన్న లేచి కిటికీ తెరిచి, బాగా రాజుకుంటుందిలే, అని తోటలోకి వెళ్ళిపోయాడు.

రస్సెల్ పొయ్యి ముందు మోకాళ్ళ మీద అలాగే కూర్చున్నాడు. పొగకే అయ్యుంటుంది, కళ్ళు తుడుచుకున్నాడు.

మే 31, గురువారం

రస్సెల్, నాన్న కలిసి కొండెక్కారు. రస్సెలే రమ్మన్నాడు. తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడిగితే, క్షమించమన్నాను అన్నాడు. ఆయనేమన్నాడు అంటే, గొర్రెల్ని చూపించి అవి ఏ జాతివో చెప్పాడు అన్నాడు.

జూన్ 1, శుక్రవారం

ఆఖరి భోజనం. వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్దాం తాతయ్యా, నువ్వే చెప్పాలి అంది ఇమోజెన్.

నాన్న బంగాళాదుంప కోసుకుంటూ, నన్నడుగుతావేమే, ఇళ్ళు ఏరడంలో మీ అమ్మని మించినవాళ్ళు లేరు, అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.