చీజ్ టోస్టు, పై అంతస్తు ఆవిడ

అక్కయ్యకు,

గడియారాల రిపేరు పక్కన పడేసి ఉత్తరం రాస్తున్నానంటే సంగతి ఎంత ముదిరిందో నువ్వే ఊహించుకో. ఆదివారం సాయంత్రం పై అంతస్తు ఆవిడ మా గదికి వస్తోంది. ఆవిడ ఊఁ అంటే ఇక్కడే స్థిరపడతాను, ఊహూఁ అంటే పెట్టె సర్దుకోవడమే. మాంసం ముట్టదట, చీజ్ అంటే ప్రాణమట. ఓవెన్‌లో చిటికెలో అయ్యేది ఏదైనా ఉంటే వెంటనే రాయి. కాలు ఒకచోట నిలవడం లేదు.

నీ తమ్ముడు

తా.క. ఓవెన్ ఉంది. ఇన్నాళ్లూ అందులో బూట్లు పెట్టుకుంటున్నాను.

తమ్ముడికి దీవెనలు.

ఎన్నాళ్లకు చల్లని కబురు చెప్పావురా! ఆ సంతోషంలో ఎవరిదో చొక్కాకి మూడో చెయ్యి కుట్టేశాను. బ్రెడ్డు ముక్కలకి వెన్న రాయి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికం, ఉడికించిన మొక్కజొన్న గింజలు, కాస్త మిరియాల పొడి కలిపి పైన పరుచు. దాని మీద చీజ్ దండిగా తురుము. ముందు ఓవెన్ బాగా వేడెక్కాలి, అప్పుడు లోపల పెట్టు. అంచులు ఎర్రబడగానే తీసెయ్. ఆవిడ వయసెంత? నా అనేవాళ్లున్నారా?

మీ అక్కయ్య

తా.క. మామయ్యకి చెప్పేశాను. "అత్తయ్య పోయాక నేనే మళ్లీ ఆ ఊసెత్తలేదు, వీడికేం తొందర?" అంటున్నాడు.

అక్కయ్యా,

ముందు ఓవెన్ వేడెక్కాలన్నావు, వేడెక్కించాను. బూట్లు తియ్యమని రాయలేదు. పొగ పైకి పోయింది. ఆవిడ మెట్ల మీద దగ్గుతూ "ఉన్నావా, పోయావా?" అంది. "ఉన్నానండీ" అన్నాను. "ఆదివారం దాకా ఎలాగోలా ఉండు" అంది.

వయసెందుకు అడిగావో అర్థం కాలేదు. అరవై ఉంటాయి. ఆయన పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. బూట్లు తీసి పెట్టిన టోస్టూ మాడింది. ఇంకో బ్రెడ్డుకి పరిగెడుతున్నాను.

తమ్ముడు

తా.క. కోపిష్ఠిదే, కానీ నాకు ఆవిడ తప్ప దిక్కులేదు.

ఒరేయ్!

అరవయ్యా? అమ్మే ఉంటే ఆవిణ్ని "అక్కా" అని పిలిచేది! ఆదివారం మామయ్యని వెంటబెట్టుకుని వస్తున్నాను. కరెంటు పని చేసి రిటైరైన మనిషి, షాకులకి జడిసే రకం కాదు. మేమొచ్చేదాకా ఆవిడకి ఏ మాటా ఇవ్వకు.

అక్కయ్య

తా.క. టోస్టు కూడా ఇవ్వకు.

అక్కయ్యా,

ఎంత పని చేశావు! గుమ్మంలో అడుగు పెడుతూనే "మా వాణ్ని వదిలెయ్యమ్మా, చిన్నవాడు" అన్నావు. "వదలడానికేగా వచ్చాను, ఖాళీ చేస్తే చాలు" అంది ఆవిడ. ఆవిడ ఇంటి ఓనరని, నేను అద్దె బాకీ పడ్డానని అప్పుడు తెలిసింది నీకు. ముఖం దాచుకుని బస్సెక్కేశావు. తర్వాత కథ విను.

టోస్టు సగం కాలగానే ఓవెన్ టప్పుమంది. మామయ్య దాన్ని విప్పుతూ కూర్చున్నాడు. కరగని చీజ్ చూసి ఆవిడ మనసు ఆగలేదు. "పైన నా ఓవెన్ ఉంది, తీసుకురండి" అంది. మామయ్య ట్రే పట్టుకుని పైకి వెళ్లాడు. నేను కింద పెట్టె సర్దుతూ, తీస్తూ, మళ్లీ సర్దుతూ కూర్చున్నాను. పైనుంచి నవ్వులు తప్ప కబురు లేదు.

మర్నాడు మామయ్య ఆవిడ ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చాడు. ఆ మర్నాడు బాగానే ఉన్న కాలింగ్ బెల్లు బాగుచెయ్యడానికి వచ్చాడు. నిన్న ఇద్దరూ కలిసి దిగొచ్చి పెళ్లి చేసుకుంటున్నామన్నారు. నన్ను ఖాళీ చెయ్యొద్దన్నారు.

నీ తమ్ముడు

తా.క. ఇకమీదట ఆవిణ్ని "అత్తయ్యా" అని పిలవాలట. పొద్దుటి నుంచి సాధన చేస్తున్నాను. ఆవిడ ఎదురుపడితే మాత్రం నోట్లోంచి "అద్దె" అనే వస్తోంది.