వేలి మందం

ఫిబ్రవరి 21, గురువారం

అల్లుడు కారు కొన్నప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ కాళ్లు పనిచేయడం లేదు. ఈ ఆదివారం ఒక్కరోజులో నాలుగు కోటలు చూపిస్తాడట. టైమ్‌టేబుల్ ప్రింట్లు రెండు తీసి, ఒకటి ఫ్రిజ్‌కి అంటించాడు. కోటకి నలభై నిమిషాలు. పూర్వం రాజులకి ఒక్కో కోట పట్టడానికి ఏడాది పట్టేది.

రానని చెబుదామనుకున్నాను. రెండో పేరు చూసి నోరు మూసుకున్నాను. కొండ మీది కోట. దాని పడమటి గోడ కొంత కూలితే, నలభై ఏళ్ల కిందట మళ్లీ నిలబెట్టింది నేనూ తమ్ముడూ. వాడు పోయి మూడు నెలలు. ఆ గోడ మనవరాలికి చూపించాలి. దానికి తాతయ్యంటే టీవీ రిమోట్ ఎక్కడో పెట్టి మర్చిపోయే ముసలాడు, అంతే.

ఫిబ్రవరి 23, శనివారం

నేను చదువు నేర్చుకున్నది సిమెంటు బస్తాల మీది అచ్చు చూసి. అందుకే రూల్సంటే గిట్టదు. పాత కట్టడాల పనిలో ఒక రూలుంది. కొత్త రాయిని పాతదానికంటే వేలి మందం లోపలికి పెట్టాలి. ఏది కొత్తదో తర్వాతివాళ్లకి తెలియాలట. ఆ మాట చెప్పిన ఇంజనీరు టోపీ పెట్టుకుని, దాని మీద గొడుగు కూడా వేసుకునేవాడు. అది వేరే కథ.

నాకు ఒళ్లు మండింది. అతుకు కనబడితే ఇక మేస్త్రీ ఎందుకు? తమ్ముడు మాత్రం, ఆయన చెప్పేదీ నిజమే అన్నయ్యా, మనం చేశామన్న ఆనవాలు ఉండొద్దా అన్నాడు. ఒక వరస అలాగే పెట్టేశాడు. కూలీలందరి ముందూ తిట్టి, పీకి మళ్లీ పెట్టమన్నాను. మర్నాడు నాకు జ్వరం. లేచి వెళ్లేసరికి దాని మీద ఇంకో రెండు వరసలు లేచాయి. సరిచేశానన్నాడు. చివరికి ఇంజనీరే మా పనిని పోల్చుకోలేకపోయాడు. మీసం తిప్పాను.

తమ్ముడు వేరే జట్టు కట్టుకున్నాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలోనే కలిశాం, దూరపు చుట్టాల్లా.

ఫిబ్రవరి 24, ఆదివారం. ఉదయం 9

మొదటి కోట. అల్లుడు ఫోన్లో సింహద్వారం కొలతలు చదివాడు. ద్వారం వంక చూడలేదు. నీళ్ల సీసా మర్చిపోయాడని అమ్మాయి అతనితో మాట్లాడటం మానేసింది. కోట చుట్టూ ఒక కందకం, కారు ముందు సీట్ల మధ్య ఇంకొకటి.

మధ్యాహ్నం 1, కారులో

రెండో కోట దగ్గరే ప్రయాణం ఆగిపోయింది.

పడమటి గోడంతా నీడలో ఉంది. ఇదిగో అని వేలు చూపించాను. ఎక్కడ తాతయ్యా అంది మనవరాలు. నాకూ కనబడలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచాను. ఒక్క అతుకు లేదు. పక్కన గైడు, ఈ గోడ ఏడు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదని జనానికి చెబుతున్నాడు. కూలింది నాయనా, మేమే కట్టాం అన్నాను. అయితే చూపించండి అన్నాడు. పెద్దాయన ఆ రాజుగారి కొలువులో చేశారేమోలే అన్నాడు గుంపులో ఒకడు. అందరూ నవ్వారు. అల్లుడూ నవ్వాడు. వేరే కోటేమో మామయ్యగారూ, ఈ వయసులో గుర్తుండదు లెండి, టైమైపోతోంది అని జేబులోంచి టైమ్‌టేబుల్ తీశాడు. లాక్కుని చింపేశాను. నాలుగు ముక్కలు. కోటకొకటి.

ఇంటికి పోతున్నాం. మనవరాలు నాకు వీపు పెట్టి, వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. అన్నిటికంటే మండింది అదే.

ఫిబ్రవరి 25, సోమవారం

కోపం అల్లుడి మీద కాదు, గైడు మీద కాదు. అతుకు కనబడకుండా అంత బాగా కట్టి చచ్చిన మేస్త్రీ మీద, అంటే నా మీదే.

ఫిబ్రవరి 27, బుధవారం

మనవరాలు ఫోను పట్టుకొచ్చింది. వచ్చేటప్పుడు కారు వెనక అద్దంలోంచి ఫోటో తీసిందట. అప్పుడే గోడ మీదికి పైనుంచి ఎండ జారుతోంది. ఈ గీతేంటి తాతయ్యా అని పెద్దది చేసి చూపించింది.

పైనుంచి మూడో వరస. సన్నటి నీడ. మేం కట్టిన చోట మొదలై, మేం కట్టిన చోటే ఆగింది.

సరిచేశానన్నాడు. నా మొహం మీదే అబద్ధం చెప్పాడు దొంగ వెధవ. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి. నలభై ఏళ్లు నోరు విప్పలేదు.

ఇది మా తమ్ముడు పెట్టింది అన్నాను మనవరాలితో. మరి నువ్వు పెట్టిందేది అంది.

మార్చి 2, శనివారం

కారు మీద నిచ్చెన కట్టడం కుదురుతుందా అని అల్లుణ్ణి అడిగాను. ఎందుకు మామయ్యగారూ అన్నాడు. వేలు పెట్టి చూడాలన్నాను.