తగరం ఏడుపు

నాందేడ్
12 నవంబరు 1983

ప్రియమైన లింగమూర్తీ,

నీ మనవరాలు వనమాల పెళ్లి కుదిరిందని రాశావు. సంతోషం. ఆ సంగతి రెండు ముక్కల్లో ముగించి, మిగతా ఉత్తరమంతా కళాయివాడు శివరాం గురించి రాశావు. అది సంతోషం కాదు.

పదహారేళ్లుగా గోకుందలో కట్టెల డిపోలో మొద్దులు మోస్తున్న మనిషిని పిలిచి, పెళ్లి వంటల ఇత్తడి గుండిగలకు లోపల తగరం కళాయి పెట్టిస్తానంటావు. "రామచంద్రం సారు సరే అంటేనే తింటం" అని మనవాళ్లు అన్నారట. ముప్పై ఏళ్లు ఈ ఊరి పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. నేను రాసిన మూలకాల చరిత్రను ఒక్కడు విప్పి చూడలేదు. హెడ్మాస్టరు నా రాతప్రతి మీద చాయ్ గ్లాసు పెట్టాడు. ఆ గుండ్రటి మచ్చ ఇనుము అధ్యాయం మీద ఇంకా ఉంది. తిండి దగ్గర మాత్రం అందరికీ నా మాట కావాలి!

విను. రాగిలో తగరం కలపడం తెలిసినవాడు కంచు కత్తి పట్టుకుని రాజయ్యాడు, తెలియనివాడు వాడికి బంటయ్యాడు. రోము దొరలు సీసపు గిన్నెల్లో ద్రాక్షరసం కాచుకుని, తియ్యగా ఉందని తాగారు. ఆ తీపిలోనే విషం ఉంది. తగరం, సీసం రెండూ తెల్లగానే మెరుస్తాయి. తగరం ఖరీదు, సీసం చౌక. కళాయివాడి చెయ్యి ఎటు పోతుందో చెప్పాలా?

1967లో మా చెల్లెలు సుమంగళ పెళ్లిలో, శివరాం కళాయి పెట్టిన గుండిగలో కాచిన పులుసు తిన్న నలభైమంది గంటలో వాంతులు చేసుకున్నారు. మగపెళ్లివారు మాట్లాడకుండా బస్సెక్కారు. ఆ రోజు పంక్తి మధ్యలో నిలబడి "సీసం కలిపిండు" అన్నది నేనే. ఇప్పుడూ అదే అంటాను. నా పుస్తకంలో సీసం అధ్యాయం చివర శివరాం పేరు ఉంది. ఎందుకో ఆ పేజీ మాత్రం ఇంకా సాపు రాయలేదు.

స్టీలు గుండిగలు కిరాయికి తెచ్చుకో.

నీ పాత బెంచీ నేస్తం,
రామచంద్రం


భోకర్
27 నవంబరు 1983

ప్రియమైన రామచంద్రం,

చల్లబడ్డాక చదువు.

నేను పుస్తకాలవాణ్ణి కాదు, గిన్నెలు అమ్మేవాణ్ణి. స్టీలు తేవచ్చు. నా దుకాణంలో ముందు వరసంతా అదే. అందులో క్రోమియం ఉంటుందని, అందుకే దానికి చిలుము పట్టదని నువ్వే చెప్పావు. ఇంకో పదేళ్లకు కళాయి అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

మొన్న శివరాం, అతని భార్య జనాబాయి వచ్చారు. అతను గడప బయటే కూర్చున్నాడు. "లోపటికి రా శివరాం" అన్నాను.

"నేను ముట్టుకుంటె నీ గిన్నెలు అమ్ముడువోతయా, శేట్?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

జనాబాయి అంది: "మాకు పైసలద్దు. ఒక్క పెండ్లికి కళాయి వెట్టి, గా పంక్తిల అందరితోని కూసొని తింటడట. గంతే. ఇగ ఎన్నొద్దులుంటడో ఏమో."

నలభై ఏళ్లుగా గిన్నెలు చూస్తున్నాను కాబట్టి ఒకటి అడుగుతాను. సీసం మనిషిని మెల్లగా తింటుంది. గంటలో వాంతి చేయించేది చిలుము. కళాయి పోయిన చోట చింతపండు తగిలితే పుట్టేది అది. ఇంత చిన్న సంగతి నీకు తెలియకపోదు.

ఆ రోజు పులుసు కాచిన గుండిగ నాదే కదా. పెళ్లి అయ్యాక నా దగ్గరికే తిరిగి వచ్చింది. నేను దాన్ని ఇంతవరకు అమ్మలేదు, కరిగించలేదు.

నీ
లింగమూర్తి


నాందేడ్
5 డిసెంబరు 1983

లింగమూర్తీ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

గుండిగ దాచావా? ఎవరి మీద సాక్ష్యానికి? నేను ఒక మాట అన్నాను, అంతే. అతని కొలిమి తిత్తిని గోదావరిలో పారేసింది ఊరివాళ్లు. నేను పారేయలేదు. గట్టు మీద నిలబడి చూశాను, అంతే.

అతను వాడింది తగరమేనని రుజువు ఏది? చూపించమను. చూపిస్తే అతని కళాయికి సరేనని సంతకం పెడతాను. లేకపోతే ఈ మాట మళ్లీ ఎత్తకు.

రామచంద్రం


భోకర్
19 డిసెంబరు 1983

ప్రియమైన రామచంద్రం,

రుజువు అడిగావు, పంపుతున్నాను. సుమంగళ పెళ్లికి కొన్న తగరం కడ్డీలో మిగిలిన ముక్క ఇది. జనాబాయి పసుపు గుడ్డలో చుట్టి, పదహారేళ్లు దేవుడి గూట్లో పెట్టింది. మా దుకాణంలో పనిచేసే రామదాస్ తెచ్చి ఇస్తాడు.

శివరాం చెప్పమన్న మాట: "గురుజీని మందులు గిట్ల పొయ్యద్దనుండ్రి. వంచి చెవి కాడ వెట్టుకుంటె సాలు. తగరం అయితె ఏడుస్తది. సీసం కలిస్తె మూగవడ్తది."

మాఘంలో పెళ్లి. వంటవాళ్లు గుండిగల సంగతి అడుగుతున్నారు.

ఎదురుచూస్తూ,
లింగమూర్తి


నాందేడ్
30 జనవరి 1984

ప్రియమైన లింగమూర్తీ,

ఆరు వారాలు నీకు జవాబు లేదు. కడ్డీ బల్ల మీదే ఉంది. దాని మీద కాగితం కప్పాను. నిన్న తీసి వంచాను. ఏడ్చింది. ఎండు చింతబరిగె విరిగినట్టు సన్నటి చప్పుడు.

కానీ ఈ రుజువు నాకు అక్కర్లేదు. పదహారేళ్ల కిందటే నా చేతిలో ఉంది.

పెళ్లి ముందురోజు శివరాం కళాయి పెట్టి వెళ్లాక, పెరట్లో గుండిగ దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. రోము కథ అప్పుడే చదివాను. సీసం దొంగను పట్టుకోవాలని మహా ఆత్రం. బడి నుంచి తెచ్చిన నత్రికామ్లం గుండిగ అడుగున పోశాను. కొంత గాజు నాళికలోకి తీసి పొటాషియం అయొడైడు వేశాను. సీసం ఉంటే పసుపు మడ్డి దిగాలి. దిగలేదు. నేను నాళికనే చూస్తూ ఉండగా, గుండిగలో మిగిలిన ఆమ్లం అరచేతి వెడల్పున కళాయిని తినేసింది. ఇత్తడి బయటపడింది.

శివరాంను పిలిచి మళ్లీ పెట్టమంటే సరిపోయేది. ఏమైందని అడుగుతాడు. సైన్సు మాస్టరు కళాయివాడికి సంజాయిషీ చెప్పాలా అనుకున్నాను. కడిగి బోర్లించాను. వంటవాళ్లు అందులోనే పులుసు కాచి, మర్నాటి దాకా ఉంచారు.

జనం వాంతులు చేసుకుంటుంటే అందరూ నా వైపే చూశారు, చదువుకున్నవాణ్ణని. సీసం లేదని ఆ పంక్తిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా సీసం అన్నాను.

నువ్వు ఆ మచ్చ చూశావు. ఆమ్లం కొరికిన అంచు గిన్నెల వ్యాపారికి తెలియకపోదు. నా కోసం నోరు మూసుకున్నావు. అందుకు నిన్ను నిందించే ముఖం నాకు లేదు.

హెడ్మాస్టరు మీద, ఊరి మీద, చదవని జనం మీద ఇన్నేళ్లు పళ్లు నూరాను. ఆ కాగితాల కట్టంతా అందరి పని పట్టడానికే రాశాను. సీసం అధ్యాయం చివరి పేజీ నిన్న సాపు రాశాను. శివరాం పేరున్న చోట నా పేరు ఉంది.

కళాయి శివరామే పెట్టాలి. పెళ్లికి నేను వస్తాను. కానీ నన్ను నమ్మవద్దు. పంక్తి ముందు నిలబడితే నా నోరు మళ్లీ ఏదో పుస్తకం మాట ఎత్తి జారుకుంటుంది. అందుకని విస్తళ్లు వేశాక, పులుసు వడ్డించకముందు, ఈ ఉత్తరం నువ్వే పైకి చదువు. ఒక్క వాక్యం వదలకు. శివరాం పక్కన నాకు చోటు అడగను. అతను తినడం అయ్యేదాకా నిలబడి ఉంటాను.

కడ్డీ తిరిగి పంపుతున్నాను. ఆ పాత గుండిగకే పెట్టమను. అరచేతంత మచ్చకు ఇది సరిపోతుంది.

తల ఎత్తలేని
రామచంద్రం