పోశవ్వ ఎడమచేతి సంతకం

తమ్మీ, నేను కోరుట్ల బస్సుకు పోతున్న. రాత్రి డ్యూటీ దిగి మగ్గాల సాంచెల కాడికెల్లి వచ్చి పండుకోకు, పదింటికి ఎలక్షనోళ్లు అమ్మతోటి ఓటు ఏయించనీకి ఇంటికే వస్తున్నరు. ఓటుకు ముందు సంతకం పెట్టే కాగితం జరగకుండ నువ్వు పట్టుకో, అమ్మ చెయ్యి మాత్రం పట్టకు. నువ్వు కొనుక్కొచ్చిన స్టాంపు ప్యాడు నేనే దాచిపెట్టిన. కుడిచెయ్యి పడిపోయిందని వేలిముద్ర ఏపిస్తవారా? నలభై ఏండ్ల వయసుల రాత్రిబడికి పోయి నేర్చుకున్న సంతకం అది. ఎడమచేత్తో పెట్టినా నడుస్తదని బీఎల్వో మేడం చెప్పింది. ఎంతసేపు పట్టినా వాళ్లను ఆగుమను.

అఖిలక్క

అగో, అసలుది మర్చిపోయిన. వారం సంది ‘వ’ కింద వత్తు పడుతలేదని అమ్మ అలిగింది గదా, ఇయ్యాల పొద్దుగాల పడ్డది. నువ్వు చూడాలని గీ చీటీ మీదనే పెట్టమన్న.

పోశవ్వ