కొత్త తడికలు రాకముందే

అహ్లోన్, 24-4-74

అమ్మా కోటేశ్వరీ,

మీ నాన్న దీవెనలు. రాత వంకర, తప్పులూ ఉంటాయి, సర్దుకుని చదువు. గాలికి కార్డు నిలవడం లేదు. ఇంటికి గోడలు లేవు.

వానల్లోపు చుట్టూ గోడల వెదురు తడికలు మార్చాలని మేస్త్రీ ఊ బతేన్‌తో అన్నాను. శుక్రవారం మంచిరోజని తెల్లారేసరికి మనుషులతో వచ్చి నాలుగు పక్కలా విప్పడం మొదలెట్టాడు. కొత్తవి ఇంకా రాలేదని చెప్పడానికి నాకు మొహమాటం. వచ్చాయా అని అడగడానికి ఆయనకి మొహమాటం. అంతా విప్పాక ఇద్దరం టీ తాగాం.

తలుపొకటి మిగిలింది. పక్కింటావిడ డా ఖిన్ మర్యాదగా అదే తట్టి, నా కంచం చూస్తూ "ఏటి కూర?" అంటుంది. సిగ్గేసి దుప్పటి అడ్డం కట్టుకుని తింటే, జ్వరమా అని వీధంతా పరామర్శకి వచ్చింది.

పున్నానికి నిన్నూ పసిదాన్నీ తీసుకొస్తానని నీ దగ్గరున్న మీ అమ్మ కబురంపింది. ఆపు. మీ ట్వంటేలో అల్లిన తడికలు పన్నెండు ఈ వారమే పడవకెక్కించమని అల్లుడు దండాసికి చెప్పు. అమావాస్యకి ముందు నరికిన వెదురే చూడమను, లేకపోతే పురుగు పడుతుంది. బిగించడానికి రెండు రోజులు. పైన చెద పట్టకుండా నల్ల నూనె పూస్తే వాసన పోడానికి వారం, పసిదానికి అది పడదు. పున్నం వెళ్లిన వారానికి రండి.

అమ్మ అడిగితే నూనె ఆరలేదని చెప్పు. అబద్ధం కాదు, ఇంకా పుయ్యలేదు.

పసిదానికి ముద్దులు. పడవ ఏ రోజో తొరగా జవాబు రాయి. ఇక్కడ మబ్బు పట్టింది.

మీ నాన్న