రీజనల్ పిజ్జా కోసం ఆరెంజ్ దాకా

హారిస్ పార్క్, సిడ్నీ
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అమ్మకి,

ప్రభువు దయవల్ల నువ్వూ, నాన్నా, మామ్మా, తమ్ముడూ అంతా కులాసాగా ఉన్నారని తలుస్తూ మీ కెజియా వందనాలు చెప్పి రాస్తోంది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మామ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేకపోతే ఫారిన్‌దని బీరువాలో దాచేసిందా? దాచితే నొప్పి తగ్గదని నా మాటగా చెప్పు. నేను బాగున్నాను. తింటున్నాను. స్వెట్టరు వేసుకుంటున్నాను. మళ్ళీ అడక్కు, నిజంగా వేసుకుంటున్నాను.

ఫోనుండగా ఉత్తరమేంటే అంటావు. ఫోన్లో "ఏం తిన్నావు" అంటావు, నేను "పిజ్జా" అంటాను, "అదేం తిండే, ఇంత అన్నం వండుకోలేవా" అని మొదలెడతావు. ఈలోగా నాన్న ఫోన్ లాక్కుని అక్కడ టైమెంత అని అడుగుతారు. రోజూ అడుగుతారు! చెప్పాల్సిన మాట నా గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. మొదట్నుంచీ చెబుతాను, మధ్యలో అడ్డు రాకు.

ఇప్పుడిక్కడ చలికాలం. మీరు ఉక్కపోతతో చస్తుంటే మేము ఇంట్లో టోపీలు పెట్టుకుని కూర్చుంటున్నాం. ఈ ఇళ్ళు ఎవరు కట్టారోగానీ బయటికంటే లోపలే చలి ఎక్కువ. యూనివర్సిటీకి వెళ్తున్నాను, శని ఆదివారాలు తప్ప మిగతా సాయంత్రాలు ముసలివాళ్ళ హోములో పనికి వెళ్తున్నాను. అంతా మామూలే. మామూలుగా లేనిది ఒక్క పిజ్జా. అమ్మా, ఈ నెలంతా ఆ పిజ్జా మా ప్రాణాలు తోడేసిందంటే నమ్ము!

ఇక్కడి మా చర్చిలో యూత్‌ని చూసుకునే సాల్మన్ అంకుల్ గురించి చెప్పానుగా. కాకినాడ ఆయన, ఇంజినీరు, ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయింది. మనిషి వెన్న. కానీ ఈమధ్య ఆంటీతో కలిసి ఇటలీ చూసొచ్చారు. అప్పట్నుంచి ఆయన నోట ఇంకో మాట లేదు. ప్రార్థన ముగించి ఆమెన్ అన్న నోటితోనే ఇటలీ అంటారు. ఆయన మా గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. "యూత్, వచ్చే నెల ఫెలోషిప్ లంచ్ పిజ్జా. బెస్ట్ రీజనల్ పిజ్జా ఎక్కడ దొరుకుతుందో తిని చూసి చెప్పండి. ఓటింగ్ పెడదాం." అంతే. ముందూ లేదు, వెనకా లేదు.

ఇప్పుడు నీకు రీజనల్ అంటే ఏంటో చెప్పాలి. సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి మహానగరాలు కాకుండా దూరంగా ఉండే ఊళ్ళని ఇక్కడి గవర్నమెంటు రీజనల్ అంటుంది. అక్కడ కొన్నేళ్ళు చదివినా, పనిచేసినా పీఆర్‌కి పాయింట్లు కలుస్తాయి. పీఆర్ అంటే ఇక్కడే ఉండిపోవడానికిచ్చే అనుమతి. మా స్టూడెంట్లకి రీజనల్ అనే మాటకి ఇంకో అర్థం తెలీదు. ఇద్దరు తెలుగువాళ్ళు ట్రైన్లో ఎదురుపడితే బాగున్నావా అనరు, "రీజనల్‌కి వెళ్తున్నావా, ఇక్కడే ఉంటున్నావా" అంటారు. నిద్రలో లేపి అడిగినా అదే అర్థం చెబుతాం. ఇక గ్రూపులో ఏం జరిగుంటుందో ఊహించుకో.

ఒకడు బాథర్స్ట్ అన్నాడు. ఒకమ్మాయి న్యూకాజిల్ అంది. అసలు న్యూకాజిల్ రీజనలా కాదా అని ఇంకొకడు లేచాడు. దానిమీద కొట్లాట! ఇమిగ్రేషన్ వాళ్ళ వెబ్‌సైట్ తెరిచి పోస్ట్‌కోడ్‌లు చదివారమ్మా, పిజ్జా కోసం! గుంటూరు ప్రవీణ్ ఉన్నాడే, మమ్మల్ని కారులో చర్చికి తీసుకెళ్ళే అబ్బాయి, వాడు వాగ్గా అనే ఊరు పట్టుకున్నాడు. "మా పెదనాన్న కొడుకు అక్కడే ఉంటాడు. అక్కడ పిజ్జా ఒక్కటి తిన్నావంటే ఇంక లేవలేవు" అన్నాడు. అంత బాగుంటుందా అన్నాను. "బాగుంటుందని ఎవరన్నారు, అంత లావుగా ఉంటుంది" అన్నాడు. ఈ మేధావులతో నేను బతుకుతున్నాను.

మా వెనక సందులో పనీరూ, పచ్చిమిర్చీ వేసి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా చేసే షాపుంది, నడిచి వెళ్ళొచ్చు, హాయిగా అక్కడ తిందాం అని నెత్తీనోరూ బాదుకున్నాను. "అది రీజనల్ కాదుగా" అని అందరూ ఒక్కటే పాట.

అన్నిటికంటే విచిత్రం మా స్రవంతి. నా రూమ్మేటు, జగిత్యాల అమ్మాయి, నాకు తోడుగా చర్చికి కూడా వస్తుంది, వీడియో కాల్‌లో నిన్ను "అమ్మా మంచిగున్నవా" అని పలకరిస్తుందే, అదే. దానికి పిజ్జా అంటేనే పడదు. "రొట్టె మీద కూర ఏస్కొని తినుడు, దానికి గింత లొల్లి ఎందుకే" అనే మనిషి. అది ఉన్నట్టుండి, "ఆరెంజ్‌కు పోదాం, గాడ మంచిగుంటదట" అంది. ఎవరు చెప్పారే అంటే, "ఎవరో చెప్పిన్రు తీ" అంది. పట్టిన పట్టు వదల్లేదు. ప్రవీణ్‌ని బతిమాలి ఒప్పించింది. ఎవరినీ ఏదీ అడగని పిల్ల బతిమాలుతోందంటే నాకు అప్పుడే తెలియాలి. తెలిస్తే నేను కెజియానెలా అవుతాను!

ఆరెంజ్ అంటే పండు కాదమ్మా, ఊరు. ఆ ఊళ్ళో ఆరెంజులు కూడా పండవు, యాపిల్స్ పండుతాయి. ఈ దేశంలో అన్నీ ఇలాగే ఏడుస్తాయి. కొండలన్నీ దాటి మూడున్నర గంటలు కారులో వెళ్ళాలి. పోయిన శనివారం పొద్దున్నే బయల్దేరాం. స్రవంతి చూస్తే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నా నల్ల బూట్లు అడిగి మరీ వేసుకుంది. "పిజ్జా తినడానికి ఈ వేషమేంటే, టమాటా పడితే మరక పోదు" అన్నాను. "జాగ్రత్తగ తింట తీ" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దారంతా ప్రవీణ్ పాటలు. వాడి గొంతు గురించి రాయను, ఉత్తరం పెద్దదవుతుంది.

ఆరెంజ్‌లో దిగితే చలి ఎముకలు కొరికేస్తోంది. ఊరి మధ్యలో మొగుడూ పెళ్ళాం నడుపుకునే చిన్న షాపు, కట్టెల పొయ్యి. వాళ్ళకి పేరు తెచ్చిన పిజ్జా ఏంటంటే బంగాళాదుంప! పల్చగా తరిగి రొట్టె మీద పరిచి, పైన ఏదో ఆకు చల్లారు. "బంగాళాదుంప కోసమా ఇన్ని కొండలు దాటింది? మా అమ్మ రోజూ వేయిస్తుంది గదా" అని ప్రవీణ్ నెత్తి కొట్టుకున్నాడు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. దాని రుచి సంగతి తర్వాత చెబుతాను.

సరిగ్గా అప్పుడే అంకుల్ ఫోన్ చేశారు. ఎక్కడున్నారమ్మా అన్నారు.

"ఆరెంజ్‌లో అండి."

"ఆరెంజా? ఆరెంజ్‌లో ఏం పని?"

"మీరేగా అంకుల్, రీజనల్ పిజ్జా అన్నారు."

ఆయన అరిచిన అరుపుకి పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. "నేనన్నది ఇటలీ రీజన్స్ అమ్మా! నేపుల్స్‌ది ఒక రకం, రోముది ఒక రకం, సిసిలీది ఒక రకం! సిడ్నీలో ఏది ఎక్కడ బాగా చేస్తారో చూడమన్నాను. ఆరెంజ్ వెళ్ళమని ఎవరు చెప్పారు?" ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నారట, అలా ఉంది మా తెలివి. ప్రవీణ్ తలకాయ టేబుల్ మీద పెట్టేశాడు. నాకు కోపం, నవ్వు, రెండూ ఒకేసారి వచ్చాయి. చూశావా మన బతుకు అని స్రవంతి వైపు తిరిగాను. కుర్చీ ఖాళీ. దాని ముక్క ప్లేట్లో అలాగే చల్లారిపోయి ఉంది.

బాత్రూమ్‌కి వెళ్ళిందనుకున్నాను. మేము తినడం అయ్యాక రోడ్డవతలి నుంచి వచ్చింది. చలికి ముక్కు ఎర్రగా అయిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. ఎక్కడికెళ్ళావే అన్నాను.

"గా వెనక సందుల ముసలోళ్ళ హోమ్ ఉన్నది. చూసొచ్చిన."

"ఇక్కడికొచ్చి కూడా హోమ్ చూడ్డమేంటే, మతి పోయిందా?"

"నాకు జాబ్ ఇచ్చిన్రే. ఫోన్లనే ఇంటర్వ్యూ అయింది."

సంగతేంటంటే అమ్మా, దానికి ఈ సెమిస్టర్‌తో కోర్సు అయిపోతుంది. నాకింకా ఏడాది ఉంది. దానికి పాయింట్లు చాలవు, రీజనల్‌కి వెళ్తే తప్ప వీసా అయ్యాక జగిత్యాల తిరిగిపోవాల్సిందే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఎలాగోలా సిడ్నీలోనే ఏదో దొరుకుతుందిలే అనుకుంటూ కూర్చున్నాను.

అంకుల్ ఫోన్ సంగతి చెప్పినా అది ఆశ్చర్యపోలేదు. "అయితే నీకు రీజనల్ అంటే ఇటలీ అని ముందే తెలుసా?" అన్నాను.

"అంకుల్ మెసేజ్ పెట్టిన నాడే ఆంటీని అడిగిన. మీరందరు ఊర్లనుకుంటున్నరు గదా, నేను ఊకున్న. ఒక్కదాన్ని వచ్చి చూడాల్నంటే భయమైందే. నువ్వు ఎంబడి ఉండాల్ననిపించింది."

"నాకు చెప్పి తీసుకురావచ్చుగా!"

"చెప్తే ఏడుస్తవు. నువ్వు ఏడిస్తే నేను పోలేను." అలా అని నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఆదివారం వరకు వాళ్ళకు చెప్పాలె. నువ్వు వద్దంటే వద్దని చెప్త. నిజంగ అంటున్న. ఇంతకు పిజ్జా ఎట్లున్నది?"

"చప్పగా ఉంది" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ పాడలేదు.

ఈ వారమంతా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దానితో మాట్లాడలేదు. గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగాను. అది మాత్రం ఏమీ పట్టనట్టు నా బాక్సు సర్ది ఇచ్చేది. అంత మంచితనం చూస్తే ఇంకా మండేది. నిర్ణయం నా నెత్తిన పెట్టిందేంటమ్మా! వెళ్తున్నానని చెప్పేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నేను వద్దంటే అది ఆగిపోతుంది, నాకు తెలుసు. ఆగితే దాని బతుకు ఏమవుతుందో అదీ తెలుసు. అది వెళ్తే నేను ఆ గదిలో ఒక్కదాన్నే ఎలా ఉండాలో, అది మాత్రం తెలీదు. నేను వచ్చిన కొత్తలో జ్వరం వచ్చి పడుంటే పక్కన కూర్చుని జావ తాగించింది అదే. ట్రైన్ ఎక్కడం నేర్పింది అదే. నీకు ఫోన్లో నవ్వుతూ మాట్లాడి పెట్టేశాక నేను ఎవరి దగ్గర ఏడ్చానని అనుకుంటున్నావు? భయమేస్తోందమ్మా. ప్రార్థన చేద్దామని మోకరిస్తే "ప్రభువా, దాన్ని పంపకు" అనే వచ్చేది, వెంటనే సిగ్గేసి లేచిపోయేదాన్ని.

ఇవాళ ఆరాధన అయ్యాక అంకుల్ ఓటింగ్ పెట్టారు. ఇటలీ మ్యాపు గోడకి అంటించి కర్రతో చూపిస్తూ పాఠం చెప్పారు. నేపుల్స్‌కి కొన్ని చేతులు, రోముకి కొన్ని చేతులు. సిసిలీ ఎక్కడుందో తెలీకుండానే ప్రవీణ్ చెయ్యెత్తాడు, లావుగా ఉంటుందని. అంకుల్ నావైపు తిరిగారు. "కెజియా, నువ్వేంటమ్మా ఎత్తలేదు? నీ ఓటు?"

లేచి నిలబడేదాకా నాకూ తెలీదు నేనేం చెబుతానో.

"ఆరెంజ్ అంకుల్" అన్నాను.

అంతా గొల్లున నవ్వారు. "అది ఇటలీ కాదమ్మా" అన్నారాయన.

"తెలుసండి. అయినా అంత మంచి పిజ్జా నేనెక్కడా తినలేదు. అడుగంతా కరకరలాడుతూ, మా అమ్మ కళాయిలో కాల్చే మినపరొట్టెలా ఉంది. మొన్న చప్పగా ఉందన్నాను, అది అబద్ధం."

"బాగుంటే బాగుంది, దానికోసం మూడున్నర గంటలు ఎవరెళ్తారమ్మా?"

"నేను వెళ్తానండి. సెలవు దొరికినప్పుడల్లా వెళ్తాను. అక్కడ నాకు మనిషుంది."

ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరసలో స్రవంతి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "ఏడ్వకే, అందరు చూస్తున్నరు" అని నన్ను కసిరింది, అదే వెక్కి వెక్కి ఏడుస్తూ. అక్కడే, నా పక్కనే కూర్చుని, ఆ హోమ్ వాళ్ళకి వస్తున్నానని మెసేజ్ పెట్టింది. సెండ్ మాత్రం నా చేత నొక్కించింది.

ఓటింగ్ ఏమైందంటావా? ఎవరి మాటా వినకుండా తనే ఇంట్లో పిండి కలిపి చేస్తానన్నారు అంకుల్. ఆంటీ మొహం చూసి తీరాల్సింది.

నా గురించి బెంగపెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను, బాగానే ఉంటాను. నాన్నగారికి, మామ్మకి నా వందనాలు. తమ్ముణ్ణి చదువుకోమను. పాస్టరుగారిని, అమ్మగారిని అడిగానని చెప్పు. ఇంకొక్క సంగతి. రోజూ కుటుంబ ప్రార్థనలో నా పేరు చెబుతావుగా, ఇవాళ్టి నుంచి స్రవంతి పేరు కూడా చెప్పు. దాని దేవుళ్ళకి అది చెప్పుకుంటుంది, మన దేవుడికి నువ్వు చెప్పు. ముందు దాని పేరే చెప్పు. కొత్త ఊరికి వెళ్ళేది అది.

మీ అందరి దీవెనలు కోరుతూ,
నీ కూతురు,
కెజియా