వైరు కన్నం దగ్గర బొట్టు

నర్సీపట్నం,
అక్టోబరు 10, శుక్రవారం.

అమ్మా రోజారమణీ,

మీ అత్త దీవించి రాస్తోంది. మీ నాన్నగారి బీపీ తగ్గిందా? మీ అమ్మ మోకాలికి నూనె రాస్తోందా? పాప దగ్గు ఎలా ఉంది? ఎస్. రాయవరంలో పొలాల గాలి, సాయంత్రమైతే దాని చెవులకి గుడ్డ కట్టు. నువ్వు తింటున్నావా? నేను బాగున్నానని రాయాలి గానీ, నాకు ముద్ద దిగడం లేదు.

ఇది ఫోనులో చెప్పే మాట కాదు. ముందు గదే స్టూడియో కదా, నేను గొణిగినా నీ మొగుడికి వినిపిస్తుంది. అందుకే గంగులు ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను. నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పెళ్ళి ఫొటోలు దాచిన ఆ హార్డ్ డిస్కు ఇంకా తెరుచుకోలేదు. తగిలిస్తే చిన్న దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం కనిపించదు. బలిఘట్టం అప్పలలక్ష్మి రోజూ వచ్చి బల్ల మీద కూర్చుంటోంది. కూతురి పెళ్ళయిన నెలకే ఆవిడ మొగుడు పోయాడు కదా, ఆయన నవ్విన ఫొటో అందులోనే ఉంది. "ఆల్బం నాకొద్దు బాబూ, ఆ ఒక్క ఫొటో ఇప్పించు సాలు" అంటుంది. మన్మథరావు ఆవిడ ఎదుటే, "మా ఆవిడ కంప్యూటర్‌లో ఎజెక్ట్ కొట్టకుండా డిస్కు లాగీసిందమ్మా, అందుకే పాడైంది" అంటున్నాడు. ఆ మాట పడలేకే కదా నువ్వు పాపనెత్తుకుని వెళ్ళిపోయావు.

నువ్వు కాదమ్మా. నేను.

దసరా నాడు స్టూడియో సామానుకి బొట్లు పెట్టింది నేను. బీరువాకి తాళం కన్నం దగ్గర పెడతాం కదా, అలాగే డిస్కుకి వైరు దూర్చే కన్నం దగ్గర పెట్టాను. పసుపు పలచనైంది, లోపలికి జారింది. పైపైన కొంగుతో తుడిచి ఊరుకున్నాను. మర్నాడు నువ్వు డిస్కు పట్టుకుని నా వైపు చూసి ఏదో అనబోయి మానేశావు. అప్పుడైనా నేను చెప్పలేదు. పోయినేడు ఫొటోల వెనక కట్టే తెర ఉతికి పాడుచేసినప్పుడు, "ఇంకోసారి నా సామాన్లో సెయ్యెడితే పిన్ని ఇంటికాడ దింపీసొస్తాను" అన్నాడు వాడు. ఈ వయసులో ఒకరి గుమ్మంలో ఎలా పడుంటాను?

రేపు డిస్కుని కంప్యూటర్లు బాగుచేసే షాపుకి తీసుకెళతాడట, నేనూ వెంటపడి వెళతాను. ఈ సంగతి నీ దగ్గరే ఉంచుకో తల్లీ.

ఇట్లు,
నీ అత్త రామాయమ్మ


నర్సీపట్నం,
అక్టోబరు 12, ఆదివారం.

నా తల్లి రోజాకి,

నిన్న షాపులో దీనా అనే అమ్మాయి డిస్కు తగిలించింది. తెర మీద ఏదో అడిగింది. మన్మథరావు ఆత్రంగా మౌసు మీద చెయ్యి వేశాడు. "ముట్టుకోకండన్నా! ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతోంది. ఒత్తితే అంతా పోద్ది!" అని ఆ పిల్ల అరిచింది.

వైరు పీకి, టార్చి వేసి ఆ కన్నంలోకి చూసింది. "ఏటన్నా ఇది? పసుపు గడ్డకట్టేసింది."

"ఇంకెవులు సేస్తారు, మా ఆవిడే," అన్నాడు నీ మొగుడు. "ఇక్కడ పాడు సేసి అక్కడెల్లి కూకుంది."

దసరా నుంచి దాచుకున్న మాట బయటికొచ్చేసింది. "నోరు ముయ్యరా. ఆ పసుపెట్టింది నాను."

వాడు నా మొహం చూడలేదు. డిస్కునే చూస్తూ నిలబడ్డాడు.

దీనా సన్నటి సూదితో గీకి, బ్రష్షుతో దులిపి, పసుపుతో పాటు రవ్వంత దూది బయటికి లాగింది. "మామ్మగారూ, ఎవరో దూదితో తుడవబోయేరు. అది లోపల ఇరుక్కుపోయింది. మీరేనా?"

నేను కాదు. వాడికసలు తెలియదు. ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?

ఆ పిల్ల వైరు మార్చి మళ్ళీ తగిలించింది. ఈసారి కంప్యూటర్ ఏమీ అడగలేదు. ఫొటోలు వరసగా వచ్చాయి. అప్పలలక్ష్మి మొగుడు చెవి వెనక పువ్వు పెట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఏడుపాగలేదు, ఆయన కోసం కాదు. దసరా మర్నాడే నువ్వు ఆ పసుపు చూశావు, తుడవబోయావు. ఒక్క మాట చెబితే నీ మీద నింద పోయేది. నీ దగ్గరే ఉంచుకోమని నేను రాసేనాటికే నువ్వు ఉంచుకున్నావు.

ఆ ఒక్క ఫొటో షాపులోనే ప్రింటు తీయించి, దారిలో వాడు బలిఘట్టం వైపు బండి తిప్పాడు. అప్పలలక్ష్మి చేతికి ఫొటో ఇచ్చి, "మా ఆవిడ తప్పేం లేదమ్మా, నానే నోరు పారేసుకున్నాను" అన్నాడు. ఇంటికొచ్చాక నేనే అడిగాను, "సంచి సర్దుకోమంటావేట్రా, పిన్నింటికి?"

"సర్దుకో," అన్నాడు చెప్పులు విప్పుతూ. "ఎస్. రాయవరం బస్సుకి. నాను ఒక్కడినే ఎల్తే అది తలుపు తియ్యదు."

నీకు ఇష్టమైతేనే రా తల్లీ, బలవంతం లేదు. మేమిద్దరం మాత్రం ఈ గురువారం, పదహారో తారీఖున, పొద్దున్న బస్సుకి వస్తున్నాం.

ఇట్లు,
రామాయమ్మ